ఒక చీటీకి ఒక అవయవం

వెదుళ్లలంక జిల్లా ఆసుపత్రిలో మనిషికి ఒకే అవయవం ఉండాలన్న ఉత్తర్వు ఒకానొక సోమవారం ఉదయం తొమ్మిదింటికి అమల్లోకి వచ్చింది. అంతకు ముందు శనివారం దాకా జనం ఎన్ని పడితే అన్ని అవయవాలతో వచ్చి చూపించుకుపోయేవారు.

ఊరికే ఏ ఉత్తర్వూ పుట్టదు. రాజధాని నుంచి వచ్చిన తనిఖీ బృందం రిజిస్టర్లు తిరగేసి పెద్ద లోపమే పట్టుకుంది. ఆ నెలలో వచ్చిన మనుషుల కంటే చూసిన జబ్బులు ఎక్కువగా ఉన్నాయి. ఒకే ముసలాయన గుండె రిజిస్టర్లోనూ, కంటి రిజిస్టర్లోనూ, ఎముకల రిజిస్టర్లోనూ సంతకం చేసి ఉన్నాడు. "ఇది ద్వంద్వ నమోదు. కొండొకచో త్రివిధ నమోదు" అని బృందం నాయకుడు నిట్టూర్చి వెళ్లిపోయాడు.

సూపరింటెండెంట్ డాక్టర్ విశ్వంభరరావు గారు ఆ మాట పడలేకపోయారు. ముప్పై ఏళ్ల సర్వీసులో ఆయన మీద మచ్చ లేదు. మచ్చ పడేటటువంటి పని ఏదీ, ఆ మాటకొస్తే పని ఏదీ, ఆయన చేసి ఎరగరు. ఆదివారం పొద్దున్నే కాఫీ పక్కన పెట్టుకుని కూర్చుని ఉత్తర్వు రాసేశారు.

"ఇందుమూలంగా యావన్మంది సిబ్బందికి తెలియజేయడమేమనగా, ఇకమీదట రోగి ఒక్కింటికి ఒక చీటీ, చీటీ ఒక్కింటికి ఒక అవయవము మాత్రమే మంజూరగును. ఒక అవయవమునందు చికిత్స పొందుచున్న రోగి అన్యావయవముల ప్రస్తావన తీసుకొని రారాదు. అవయవ క్రమశిక్షణ పాటించని సిబ్బందిపై తగు చర్య తీసుకొనబడును."

కాలేయానికి పసుపు చీటీ, కిడ్నీకి ఆకుపచ్చ, గుండెకి గులాబీ, ఎముకలకి తెలుపు. రంగులు మాత్రం చూడముచ్చటగా ఉన్నాయి.

ఆ సోమవారం చీటీల కిటికీ ముందు నిలబడ్డవాళ్లలో దంగేటి వరహాలమ్మ మూడో మనిషి. వయసు అరవై నాలుగు. డ్రైవరుగా చేస్తున్న భర్త పోతే ఆ ఉద్యోగం బదులు ఈవిడకి కండక్టరు ఉద్యోగం ఇచ్చారు. ఇరవై రెండేళ్లు బస్సుల్లో టిక్కెట్లు కొట్టి రిటైరైంది. గొంతు ఇంకా రిటైరవలేదు. వారం కిందట స్కానింగ్ తీసినవాళ్లు కాలేయంలో కొవ్వు చేరిందని రాసిచ్చారు. ఆ కాగితం పట్టుకుని వచ్చింది.

"అవయవం?" అన్నాడు కిటికీ లోపల్నించి గుమాస్తా భాస్కరం, తల ఎత్తకుండా.

"ఏంటి బాబూ?"

"ఏ అవయవానికి వచ్చారండీ?"

"కాళ్లు వాచిపోతన్నాయి. ఒంటికెళ్తే నురగ వత్తంది. మోకాళ్లు పట్టేత్తన్నాయి. కుడిపక్క డొక్కలో బరువు. మొన్న స్కానింగులో లివర్లో కొవ్వుందన్నారు."

"ఒకటి చెప్పండి."

"అన్నీ నాయే కదా బాబూ."

"అన్నీ మీయేనండి. కాదని ఎవరన్నారు? ఇయ్యాళ్టికి ఏది కావాలో చెప్పండి. వెనకాల జనం ఉన్నారు."

వరహాలమ్మ తన సర్వీసంతా గుర్తు చేసుకుంది. నాలుగు బస్తాలతో ఎక్కినవాడికి మనిషికో టిక్కెట్టు, బస్తాకో టిక్కెట్టు కొట్టింది. మేకపిల్లతో ఎక్కినవాళ్లని తిట్టింది. అంతేగాని బస్తాలు రోడ్డు మీద దింపేసి మనిషినొక్కణ్ణే ఎక్కమనడం ఎన్నడూ ఎరగదు.

"పోనీ, లివరు రాయి" అంది.

కాలేయ విభాగంలో ఉన్నది డాక్టర్ శర్వాణి. చదువై మూడేళ్లయింది. కాబట్టి రోగిని ముట్టుకుని చూసే అలవాటు ఇంకా పోలేదు. వరహాలమ్మ పాదం మీద బొటనవేలితో నొక్కి తీస్తే అక్కడ పడ్డ గుంట అలాగే ఉండిపోయింది.

"ఈ నురగ ఎప్పట్నించి పెద్దమ్మగారూ?"

"శ్రావణమాసం నించండి."

శర్వాణి కుర్చీ దగ్గరికి జరుపుకుంది. "చూడండి. నెలసరి ఆగిపోయాక ఆడవాళ్లకి కాలేయంలో కొవ్వు చేరడం ఎక్కువవుతుంది. అలా చేరినవాళ్లలో కిడ్నీ దెబ్బతినే అవకాశం కూడా మామూలు వాళ్లకన్నా ఎక్కువే. అందరికీ అవుతుందని కాదు. కానీ ఒకటి కనపడితే రెండోదాన్ని కూడా చూసుకోవాలి. మీకు కాళ్లు వాచాయి, నురగ వస్తోంది. రక్తంలో క్రియాటినిన్, మూత్రంలో ప్రొటీన్ చూపించండి. రెండే పరీక్షలు."

ఆ రెండు పరీక్షలూ పసుపు చీటీ మీద రాసిచ్చింది. ల్యాబులో వాళ్లు దాన్ని పామును పట్టుకున్నట్టు చివర్ల పట్టుకుని వెనక్కి పంపేశారు. పసుపు చీటీ మీద ఆకుపచ్చ పరీక్షలు.

మర్నాడు శర్వాణికి మెమో వచ్చింది. "మీరు కాలేయ విభాగమునందు ఉంటూ కిడ్నీని ఉద్దేశించి పరీక్షలు రాసినట్లు మా దృష్టికి వచ్చినది. ఇది పరావయవ ప్రవేశము కిందకి వచ్చును. మీపై ఎందుకు చర్య తీసుకొనరాదో మూడు దినములలో తెలుపవలెను."

"రోగి లోపల రెండింటికీ నడుమ గోడ ఏదీ కనపడలేదు" అని శర్వాణి జవాబు రాసింది.

"గోడ లేకపోవుట దేహము యొక్క లోపము. ఆసుపత్రిది కాదు" అని దాని మీదే విశ్వంభరరావు గారు ఆకుపచ్చ సిరాతో రాసి పంపారు.

వరహాలమ్మ మళ్లీ భాస్కరం కిటికీ దగ్గరికి వెళ్లింది. పసుపు చీటీ ఇచ్చేసి ఆకుపచ్చది తీసుకుంటానంది. అదెంత పని అనుకుంది.

"తప్పకుండానండి. అవయవ విడుదల పత్రం తెచ్చారా?"

"అదేంటి?"

"మీ లివరు బాగైపోయింది, ఇహ దాంతో మాకు పని లేదని లివరు డాక్టరమ్మగారు రాసిస్తారండి. అది తెస్తే మిమ్మల్ని కిడ్నీలోకి మారుస్తాం."

"లివరు బాగవలేదు కదా."

"అయితే మీరు ఇంకా అక్కడే ఉన్నారండి" అన్నాడు భాస్కరం, ఎంతో మర్యాదగా. అతను చెడ్డవాడేం కాదు. కంప్యూటర్లో ఒక పేరు కింద ఒకటే గడి ఉంది. అతనేం చేస్తాడు?

చీటీ లేకుండానే వరహాలమ్మ కిడ్నీ విభాగంలోకి నడిచింది. అక్కడి డాక్టర్ చక్రపాణి గారు రిటైరవడానికి ఏడాదిన్నర ఉంది. ఆయన ఆవిడ కాళ్ల వంక చూడబోయి, ఆగి, గోడ మీది క్యాలెండరు వంక చూశారు.

"చీటీ లేకుండా నేను చూస్తే చూసినట్టు అవుతుందమ్మా" అన్నారు నెమ్మదిగా.

"చూడకపోతే?"

"చూడనట్టు అవుతుంది. అది పరవాలేదు."

కానీ మనిషి మంచివాడు. ఆ రాత్రి నిద్రపట్టక, వరహాలమ్మ కాళ్ల వాపు ఏ విభాగం కిందకి వస్తుందో తేల్చవలసిందిగా పైకి ఒక కాగితం రాసి పెట్టారు. కాగితం మీద కమిటీ వేశారు. దాని పేరు వాపుల సరిహద్దు నిర్ణాయక కమిటీ. విశ్వంభరరావు గారు అధ్యక్షులు. వారం తిరిగాక వరహాలమ్మని బల్ల మీద పడుకోబెట్టి, నర్సు చేత టేపు పట్టించి, నడుం దగ్గర్నించి పాదాల దాకా కొలిపించారు. మధ్యలో టీ తాగారు. మొత్తం మీద తీర్పు వచ్చింది.

"కాలేయము దేహమునకు కుడివైపున ఉన్నందున కుడి కాలి వాపు కాలేయ విభాగమునకు చెందును. ఎడమ కాలి వాపు కిడ్నీ విభాగమునకు చెందును."

వరహాలమ్మ బల్ల మీద లేచి కూర్చుంది. "కిడ్నీలు రెండుంటాయంటారు కదండీ. కుడిపక్కన ఒకటి లేదా?"

"ఉన్నది" అన్నారు విశ్వంభరరావు గారు. "అయితే అది కాలేయమునకు కింద ఉన్నందున దాని అజమాయిషీ తాత్కాలికంగా కాలేయానికి అప్పగించడమైనది."

"బాగుందండి. మరి వాపు తగ్గే సంగతి?"

"అది ఈ కమిటీ పరిధిలోనిది కాదు."

ఎడమ కాలికి ఆకుపచ్చ చీటీ కావాలంటే మళ్లీ విడుదల పత్రం కావాలి. కంప్యూటర్లో గడి ఒకటే.

రెండు నెలలు గడిచాయి. వరహాలమ్మ చెప్పులు పట్టక, చనిపోయిన మొగుడి చెప్పులు అటక మీంచి దింపి వేసుకుని తిరుగుతోంది. వీధిలో వాళ్లకి కమిటీ కథ అభినయించి చూపించి కడుపుబ్బ నవ్విస్తోంది. ఇంట్లో ఒంటరిగా ఉన్నప్పుడు మాత్రం నవ్వు రావడం లేదు. ఆవిడ అక్క చిట్టెమ్మకి ఇలాగే ముందు కాళ్లు వాచాయి. ఆఖరికి వారానికి మూడుసార్లు మిషను మీద రక్తం కడిగించుకుంటూ ఏడాది తిరక్కుండా వెళ్లిపోయింది. చిట్టెమ్మ ఏదో పొట్ట జబ్బనుకుని ఆలస్యం చేసింది.

ఒక బుధవారం కాలేయం బ్లాకు నుంచి కిడ్నీ బ్లాకుకి నడుస్తూ మధ్యలో వరండాలో ఆయాసం వచ్చి స్తంభానికి ఆనుకుని కూలబడింది. చుట్టూ చెత్త. ఆకులు, టీ కప్పులు, పావురాల ఈకలు. స్వీపరు మహంకాళి అవతలి బ్లాకు గుమ్మం దాకా ఊడ్చి చీపురు దులుపుకుంటోంది.

"ఇటు కూడా ఓ పాలి ఊడవచ్చుగా తల్లీ."

"అది మాది కాదమ్మా" అంది మహంకాళి. "లివరోళ్లు కిడ్నీవోళ్లదంటారు. కిడ్నీవోళ్లు లివరోళ్లదంటారు. రెండు బ్లాకులూ వేరే వేరే ఏడాదుల్లో కట్టారంట. మజ్జిలోది ఏ కాయితంలోనూ లేదంట. ఉత్తర్వులు కూడా గోడలకే అంటిత్తారు గాని ఇక్కడెవరూ అంటించరు."

వరహాలమ్మ స్తంభం పట్టుకుని లేచి రెండు పక్కల గోడలూ చూసింది. తర్వాత మహంకాళి చేతిలోంచి చీపురు తీసుకుని, తానే పైట బిగించి ఆ వరండా అంతా ఊడ్చింది. ఊడ్చి శర్వాణి గదికి వెళ్లింది.

"డాక్టరమ్మగారూ, ఆ మెమోలో ఏమని రాశారండీ? కాలేయ విభాగంలో ఉంటూ కిడ్నీ మాట ఎత్తకూడదనేనా?"

"అవును."

"అయితే ఓ పాలి బయటికి రండి."

మధ్యాహ్నం భోజనం వేళ శర్వాణి వరండాలో స్తంభం పక్కన నిలబడి వరహాలమ్మని చూసింది. ఈసారి నాలుక దగ్గర్నించి కాలిగోళ్ల దాకా చూసింది. బీపీ చూసింది. ఏం తింటారని అడిగింది. మోకాళ్ల నొప్పులకి ఏం చేస్తున్నారని అడిగింది.

"ఎముకల డాక్టరు దాకా ఎప్పుడూ రాలేదండి. మందుల షాపులో ఎర్రబిళ్ల ఇత్తన్నారు. పొద్దున్నొకటి, సాయంత్రమొకటి. భలే పనిచేత్తదండి."

"ఎన్నాళ్లుగా?"

"ఏడాది దాటింది."

శర్వాణి మొహం మారిపోయింది. "ఆ బిళ్ల ఇవాళ్టితో బంద్. మీ కిడ్నీల్ని నలిపేస్తోంది అదే కావచ్చు. ఇన్నాళ్లూ ఎవరూ అడగలేదా?"

"అడిగారండి. ఏ అవయవమని."

పరీక్షలు ఎలా చేయించాలన్నది మిగిలింది. ల్యాబు కుర్రాడు కాస్త బుర్ర ఉన్నవాడు. తెల్ల కాగితం మీద రాసిస్తే చేస్తానన్నాడు గాని, కంప్యూటర్ అవయవం నంబరు అడుగుతుంది. జాబితా చివర తొంభై తొమ్మిదో నంబరు ఉంది. ఇతరములు. అది నొక్కాడు. అది నొక్కగానే కంప్యూటర్ సంతోషించింది.

మూత్రంలో ప్రొటీన్ పోతోంది. క్రియాటినిన్ ఉండవలసిన దానికన్నా ఎక్కువే ఉంది. "చేయి దాటలేదు" అంది శర్వాణి కాగితం చూసి. "ఇంకో ఏడాది ఆగి ఉంటే నేనేమీ చెప్పలేకపోయేదాన్ని." ఆ మాటకి వరహాలమ్మ స్తంభం పట్టుకుని కొంగు కళ్లకి ఒత్తుకుంది. ఆవిడ కళ్లు తుడుచుకోవడం ఆ ఆసుపత్రిలో ఎవరైనా చూసింది అదొక్కసారే.

శర్వాణి ఆవకాయ, అప్పడాలు, ఎండుచేపలు తగ్గించమంది. బీపీకి బిళ్ల రాసింది. రోజూ అరగంట నడవమంది. ఆ వారమే వరహాలమ్మ తన వీధిలో సీతారత్నాన్ని తీసుకొచ్చింది. సీతారత్నం తోటికోడలిని తీసుకొచ్చింది. తోటికోడలు భజన బృందాన్ని తీసుకొచ్చింది. అందరూ అరవైకి అటూ ఇటూ ఆడవాళ్లే. సగం మందికి కాలేయంలో కొవ్వు, వాళ్లలో కొందరికి కిడ్నీలో తేడా, దాదాపు అందరి దగ్గరా ఎర్రబిళ్లలు. వరహాలమ్మ వాళ్లని స్తంభాల వెంట వరసలో నిలబెట్టింది.

"ముందుకి జరగండి, ముందుకి జరగండి. మజ్జిలో ఖాళీ ఉంది. ఎర్రబిళ్లలు ఎవరి దగ్గరున్నా ఈ డబ్బాలో వేసేయండి. ఏయ్ సూర్యకాంతం, దాచుకోకు, నేను చూశాను."

మూడో వారం చక్రపాణి గారు టీ గ్లాసు పట్టుకుని తమ గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు. నాలుగో వారం గుమ్మం దాటారు. ఐదో వారం ఆయనే ఒక స్టూలు తెచ్చుకుని శర్వాణి బల్ల పక్కన వేసుకున్నారు. ముప్పై ఏళ్లలో ఆయన అంత హాయిగా వైద్యం చేసి ఎరగరు.

నెలాఖరుకి నివేదిక రాజధానికి వెళ్లింది. కాలేయం తగ్గింది, కిడ్నీ తగ్గింది. తొంభై తొమ్మిదో నంబరు మాత్రం నూట నలభై మూడు. ఫోను మోగింది.

"ఏమండీ విశ్వంభరరావు గారూ, మీ జిల్లాలో ఈ ఇతర అవయవం ఏమిటి? అదీ అరవై ఏళ్ల ఆడవాళ్లకి మాత్రమే?"

మరొకడైతే కంగారుపడేవాడు. విశ్వంభరరావు గారు కుర్చీలో వెనక్కి వాలారు. కాలేయం కాదు, కిడ్నీ కాదు, గుండె కాదు. ఉత్తర్వు వచ్చాకే బయటపడింది. అంటే తమ అవయవ క్రమశిక్షణ వల్ల మిగతావన్నీ ఎక్కడివక్కడ సర్దుకోగా, వాటి చాటున ఇన్నాళ్లూ దాగి ఉన్న ఒకటి బయటికి కనపడిందన్నమాట. మధ్యాహ్నానికల్లా నూతనావయవ నిర్ధారణ ఉపసంఘం ఏర్పడింది. సాయంత్రానికి పేరు కూడా సిద్ధమైంది. విశ్వంభరిక.

"పేరు విషయంలో నాకు పట్టింపు లేదు" అని ఆయన ఉపసంఘానికి చెప్పారు. "మీరంతా కోరుతున్నారు కాబట్టి." ఉపసంఘం అప్పటికి ఇంకా నోరు తెరవలేదు.

జాబితాలో మొదటి పేరు వరహాలమ్మది. పిలిపించారు.

"అమ్మా, సంకోచించకుండా చెప్పండి. ఈ అవయవం మీకు ఎక్కడ ఉంది?"

"వరండాలోనండి" అంది వరహాలమ్మ.

ఉపసంఘం రాసుకుంది. రాసుకున్నాక ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. విశ్వంభరరావు గారు లేచారు. ఆయన వెనక ఉపసంఘం, దాని వెనక కలం పట్టుకుని భాస్కరం, అందరికన్నా ముందు దారి చూపిస్తూ వరహాలమ్మ. పదకొండు గంటల వేళ వరండా కిటకిటలాడుతోంది. విశ్వంభరరావు గారు రెండు బ్లాకుల వంకా చూశారు, ఒకే బల్ల దగ్గర కూర్చున్న కాలేయం, కిడ్నీల వంక చూశారు. ఆయన మొహం కందగడ్డ అయింది. "ఇది... ఇది..." అని ఏ నిబంధన కిందకి వస్తుందో వెతుక్కుంటూ ఉండగా వరసలో తొమ్మిదో మనిషి కొంగు సర్దుకుని ఇటు తిరిగింది.

ఆమె కామాక్షి గారు. ఆయన భార్య. చేతిలో మూత్రం సీసా ఉంది.

"నువ్విక్కడేమిటి?" అన్నారాయన.

"కాళ్లు వాస్తున్నాయని ఆర్నెల్లుగా చెప్తున్నాను కదండీ. స్కానింగులో కొవ్వుందన్నారనీ చెప్పాను, ఆయాసమనీ చెప్పాను. ముందు ఏదో ఒకటి తేల్చుకుని చెప్పమన్నారు. నాకు తేలలేదు." కామాక్షి గారు గొంతు పెంచలేదు. "పనిమనిషి ఇక్కడ చూస్తున్నారని చెప్పింది. వచ్చాను."

విశ్వంభరరావు గారు కిందికి చూశారు. ఆమె మెట్టెలు వేళ్లలోకి దిగిపోయి ఉన్నాయి. వెనక ఉపసంఘం కలాలు మూసేసుకుంది.

"బాబూ, మీరు వరసలో లేరు" అంది వరహాలమ్మ. "పక్కకి జరగండి. అమ్మగారు ఎంతసేపని పట్టుకుంటారు, ఆ సీసా మీరందుకోండి."

ఆయన అందుకున్నారు. ముందు ఎనిమిది మంది ఉన్నారు. ఎనిమిది మందీ అయ్యేదాకా జిల్లా ఆసుపత్రి సూపరింటెండెంటు సీసా పట్టుకుని స్తంభం పక్కన నిలబడ్డారు. వంతు వచ్చాక శర్వాణి ఆమెని పరీక్షించి, "నొప్పులకి ఏమైనా వాడుతున్నారా?" అని అడిగింది. కామాక్షి గారు భర్త వంక చూశారు. "ఈయనే తెచ్చిస్తారమ్మా. ఎర్రబిళ్లలు."

భాస్కరం దగ్గరికి వచ్చి మెల్లగా అడిగాడు. "ఏమని రాయమంటారు సార్?"

"ఏమీ రాయకు" అన్నారు విశ్వంభరరావు గారు.

కామాక్షి గారిది ఇంకా తొలి దశలోనే ఉందని తేలింది. వరహాలమ్మకి మూడు నెలల్లో వాపు సగానికి దిగింది, ఐదు కిలోలు తగ్గింది, క్రియాటినిన్ కాస్త దిగి అక్కడ నిలబడింది. కాలేయంలో కొవ్వు పూర్తిగా పోలేదు గాని పెరగడం మానేసింది. నూతనావయవం సంగతి రాజధాని వాళ్లు మళ్లీ అడిగితే, అది పరిశీలనలో ఉండగానే అంతర్ధానమైనదని జవాబు వెళ్లింది.

ఇక వరండా మిగిలింది. ఉత్తర్వు రద్దు చేస్తే అది తప్పని ఒప్పుకున్నట్టు. అమలు చేస్తే ఇంట్లో కామాక్షి గారికి జవాబు చెప్పుకోవాలి. విశ్వంభరరావు గారు మళ్లీ ఓ ఆదివారం పొద్దున్న కూర్చున్నారు. కాఫీ ఆయనే పెట్టుకున్నారు. సోమవారం కొత్త ఉత్తర్వు వచ్చింది. వరండాలో ఎక్కడ అంటించాలో తెలియక మహంకాళి దాన్ని వరహాలమ్మ చేతికే ఇచ్చింది. వరహాలమ్మ వరసలో ఉన్న వాళ్లందరికీ వినపడేలా చదివింది.

"రెండు బ్లాకుల నడుమ గల వరండాయందు ఏమియు జరుగుట లేదని ఇందుమూలంగా ధ్రువీకరించడమైనది. సదరు జరగని కార్యక్రమము సోమ, బుధ, శుక్రవారములలో ఉదయము తొమ్మిది నుండి పన్నెండు వరకు యథావిధిగా కొనసాగవచ్చును. అందుకు గాను నాలుగు బెంచీలు, ఒక ఫ్యాను మంజూరు చేయడమైనది."

బెంచీలు మర్నాడే వచ్చాయి.